స్పీడ్ 100 శాతం చూపిస్తున్నా ఫోన్‌లో పీఎస్2 ఆట ఎందుకు పట్టి పట్టి నడుస్తుంది?

మీ ప్రశ్న ఇది: 12 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్, పీఎస్2 ఎమ్యులేటర్ (సోనీ ప్లేస్టేషన్ 2 ఆటలను ఫోన్‌లో నడిపే యాప్), తెర మూలన స్పీడ్ 100 శాతం అని కనిపిస్తోంది, అయినా ఆట మధ్యమధ్యలో పట్టేస్తోంది, ఏ సెట్టింగ్ మార్చాలి?

ముందు ఆ ర్యామ్ సంగతి మర్చిపోండి. పీఎస్2లో ఉన్న మెయిన్ ర్యామ్ మొత్తం 32 ఎంబీ. మీ 12 జీబీలో అది ఏ మూలకు? ఈమధ్య షాపులవాళ్లు వర్చువల్ ర్యామ్ అని చెప్పి 12ని 24 చేసి అమ్ముతున్నారు. స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం తప్ప అందులో ఏమీ లేదు, ఎమ్యులేటర్‌కి దానివల్ల పైసా లాభం లేదు. ఎమ్యులేటర్‌కి కావాల్సింది ప్రాసెసర్‌లో రెండు మూడు కోర్లు ఆగకుండా పూర్తి వేగంతో పనిచేయడం. పీఎస్2 ప్రాసెసర్ వేగం 294 మెగాహెర్ట్జే. కానీ దానికి తోడు రెండు వెక్టర్ యూనిట్లు, ఒక గ్రాఫిక్స్ చిప్ ఉంటాయి, అన్నీ ఒకేసారి నడుస్తాయి. వాటికి రాసిన ఆదేశాలు ఫోన్ ప్రాసెసర్‌కి నేరుగా అర్థం కావు. ఆడుతుండగానే మార్చుకుంటూ పోవాలి. పేరుకు ఎనిమిది కోర్లున్నా బరువంతా పడేది ఆ రెండు మూడింటి మీదే.

ఇక ఏ సెట్టింగ్ మార్చాలి అనేది ఆఖరున అడగాల్సిన మాట. ఆట ఎప్పుడు పట్టేస్తోంది అనేది మొదట చూడాలి. మొదలుపెట్టిన క్షణం నుంచీ ఒకే తీరుగా కుదుపులా? పావుగంట ఆడాకా? లేక కొత్త చోటికి వెళ్లినప్పుడు, ఏదైనా మొదటిసారి పేలినప్పుడు మాత్రమేనా? ఈ మూడింటికీ కారణాలు వేరు. యూట్యూబ్‌లో బెస్ట్ సెట్టింగ్స్ వీడియోలు చేసేవాళ్లు మాత్రం మూడింటికీ ఒకటే మందు రాసిస్తారు, అదీ వాళ్ల ఫోన్‌లో పనిచేసింది.

పోయిన మే నెలలో మా మేనల్లుడు సెలవులకు నరసరావుపేట వచ్చాడు. పల్నాడు ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, రెంటచింతల మా జిల్లాలోదే. మధ్యాహ్నం గడప దాటే వీల్లేదు. వాడికి అటక మీద నా పాత పీఎస్2 డిస్కుల డబ్బా దొరికింది. అందులో ఒక కార్ రేసింగ్ ఆట ఉంది. పేరు చెబితే చర్చంతా దాని మీదకే పోతుంది కాబట్టి చెప్పను. డిస్కు అసలుదే, పాకెట్ మనీ కూడబెట్టి కొన్నది. పాత కంప్యూటర్‌లో డీవీడీ డ్రైవ్ ఇంకా పనిచేస్తోంది, దాంతో ఐఎస్ఓ, అంటే డిస్కు మొత్తానికి నకలు ఫైలు, తీసి వాడి ఫోన్‌లోకి ఎక్కించాం.

ఆట మొదలైంది. బొమ్మ బాగుంది, శబ్దం బాగుంది, మూలన 100 శాతం. కానీ బండి మలుపు తిరిగినప్పుడల్లా రోడ్డు పక్క చెట్లు సాఫీగా జారిపోకుండా గెంతుతూ పోతున్నాయి. మావాడు కాసేపట్లో సెట్టింగ్స్ అన్నీ తిరగేశాడు. బొమ్మ గీసే పద్ధతిని ఓపెన్‌జీఎల్ నుంచి వల్కన్‌కి మార్చాడు, రెజల్యూషన్ తగ్గించాడు, ఎవరో వీడియోలో చెప్పారని ఈఈ సైకిల్ స్కిప్ (దీని సంగతి కింద చెబుతాను) కూడా పెట్టాడు. దాంతో ఇంకా అధ్వాన్నమైంది.

“ఈ ఫోన్ పనికిరాదు మావయ్యా, మంచి ప్రాసెసర్ ఉన్నది కొనాల్సిందే” అన్నాడు. పక్క గదిలో ఉన్న మా బావగారికి వినబడాలని కాస్త గట్టిగానే అన్నాడు.

“స్పీడ్ వంద చూపిస్తుంటే ప్రాసెసర్ ఏం పాపం చేసిందిరా? ఆ పక్కన ఇంకో అంకె ఉంది కదా, ఎఫ్‌పీఎస్, సెకనుకు ఎన్ని ఫ్రేములో అంటే ఎన్ని బొమ్మలో చెప్పేది, అదెంత?”

“యాభై.”

“తెర సెకనుకు ఎన్నిసార్లు మారేలా పెట్టావు?”

“అరవైలో పెట్టా, చార్జింగ్ మిగుల్తుందని.”

లెక్క వేసి చూడండి. మన దేశంలో 1982లో కలర్ టీవీ వచ్చినప్పుడు తీసుకున్నది యూరప్‌లో ఎక్కువగా వాడే పాల్ పద్ధతి, అంటే సెకనుకు 50. అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ, అది 60కి వెంట్రుకవాసి తక్కువ, 59.94. నా డిస్కు పాల్ డిస్కు. దాన్ని 50 లెక్కన నడిపే టీవీలో ఆడితే ఏ తేడా ఉండదు. ఫోన్ తెర మాత్రం 60 సార్లు మారుతుంది. 50 ఫ్రేములను 60లో సర్దాలంటే ప్రతి ఐదింటిలో ఒకదాన్ని రెండుసార్లు చూపించాలి. అంటే సెకనుకు పది కుదుపులు. ఎమ్యులేటర్ తప్పు లేదు, ఫోన్ తప్పు లేదు, స్పీడ్ నిజంగానే 100 శాతం. 90, 120 హెర్ట్జ్ తెరల్లో ఈ కుదుపు చిన్నదవుతుంది కానీ పూర్తిగా పోదు, ఎందుకంటే వాటిలోకీ 50 సమంగా సర్దుకోదు.

కాబట్టి మీరు మొదట చూడాల్సింది ఆట కోడ్. ఎమ్యులేటర్‌లో ఆట పేరు దగ్గరే ఉంటుంది. ఎస్ఎల్ఈఎస్ అనో ఎస్‌సీఈఎస్ అనో మొదలైతే అది పాల్. ఎస్ఎల్‌యూఎస్, ఎస్‌సీయూఎస్ అయితే అమెరికాది. పాల్ ఆటల్లో కొన్ని మొదట్లోనే 50 కావాలా 60 కావాలా అని అడుగుతాయి. మనం చిన్నప్పుడు చదవకుండా ఎక్స్ నొక్కేసిన తెర అదే. ఈసారి చదివి 60 ఎంచుకోండి. నా ఆట అలా అడిగే రకం కాదు. అందుకని స్పీడ్ పరిమితిని 100 నుంచి 120 శాతానికి పెంచాను. 50కి 120 శాతం అంటే సరిగ్గా 60. చెట్లు గెంతడం ఆగిపోయింది.

“కానీ బండి ఫాస్ట్‌గా పోతోంది కదా మావయ్యా” అన్నాడు వాడు. పోతుంది. అయితే ఆ కాలంలో చాలా ఆటలను 60 కోసం తయారుచేసి, పాల్ దేశాలకు పంపేటప్పుడు వేగం సరిచేయకుండా అలాగే 50లో వదిలేసేవారు. అలాంటి ఆట ఆరో వంతు నెమ్మదిగా నడుస్తుంది. కొన్నింటికి పైనా కిందా నల్లటి పట్టీలు కూడా వచ్చేవి. అంటే మనలో చాలామంది చిన్నప్పుడు కొన్ని ఆటలను నెమ్మదిగా ఆడి, అదే అసలు వేగం అనుకున్నాం! అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు ల్యాప్ టైములు చెబితే అబద్ధం అనుకునేవాణ్ని. జాగ్రత్తగా మార్చిన ఆటలూ ఉన్నాయి, వాటికి ఈ 120 శాతం పెడితే నిజంగానే పిచ్చి వేగం వస్తుంది. మీ ఆట ఏ రకమో ఆడి చూస్తేనే తెలుస్తుంది.

కథ అక్కడ ముగియలేదు. 120 శాతం అంటే ఫోన్‌కి పని కూడా ఐదో వంతు పెరిగినట్టే. పావుగంట గడిచేసరికి మళ్లీ పట్టేయడం మొదలైంది, ఈసారి వేరే తీరులో. మూలన అంకె 120 నుంచి 95కి పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడుతోంది. ఫోన్ వెనక చెయ్యి పెడితే పెనంలా ఉంది. మా అమ్మ అటు వెళ్తూ “పేలుద్దిరా అది, పక్కన పెట్టండి” అని అరిచింది. పేలదు. పేలకుండా ఉండటానికే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆ తగ్గడం, పెరగడమే మనకు కనిపించే కుదుపు. దీనికి సెట్టింగ్ ఏదీ లేదు, ఉన్నదల్లా వేడి తగ్గించడమే.

మావాడు చేస్తున్నవి చూస్తే నాకు నవ్వొచ్చింది. ఫోన్‌కి మందపాటి రబ్బరు పౌచ్, కింద దిండు, పైగా కరెంటు పోతుందేమోనని చార్జర్ గుచ్చే ఉంచాడు. చార్జింగ్ పెట్టి ఆడితే బ్యాటరీ వేడి, ప్రాసెసర్ వేడి రెండూ కలుస్తాయి. పౌచ్ తీయించాను, చార్జర్ పీకించాను, ఫోన్‌ని దిండు మీద నుంచి తీసి స్టాండ్‌లో పెట్టించాను, ఫ్యాన్ గాలి వెనక తగిలేలా. రెజల్యూషన్ మూడు రెట్ల నుంచి రెండు రెట్లకు దించాను. అరచేయంత తెరలో ఆ తేడా కనిపెట్టేవాళ్లెవరో నాకు చూపించండి. ఫ్రిజ్‌లో పెడదామా అని కూడా అడిగాడు. వద్దు, బయటికి తీయగానే గాలిలో తేమ నీరై పడుతుంది, లోపలికి పోయిందంటే ఫోన్ మొత్తం పోతుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆడారు, వాడూ మా బావగారూ కలిసి. కొత్త ఫోన్ మాట మళ్లీ రాలేదు.

సైకిల్ స్కిప్ గురించి విడిగా చెప్పాలి, మీరు కూడా అది పెట్టి ఉంటారని నా అనుమానం. అది పీఎస్2 ప్రాసెసర్‌ని కొన్ని సైకిళ్లు దాటవేసేలా చేస్తుంది. ఎమ్యులేటర్‌కి పని తగ్గుతుంది కాబట్టి మూలన 100 శాతం పచ్చగా నిలబడుతుంది. కానీ లోపల ఆటకి టైము చాలక తన ఫ్రేములను తానే వదిలేస్తుంది. అంకె బాగుంటుంది, ఆట బాగుండదు. కొద్ది ఆటలకు తప్ప ఎవరికీ అవసరం లేని సెట్టింగ్ ఇది. స్పీడ్ ఫుల్ చూపిస్తూ ఆట నత్తనడక నడుస్తోందన్న ఫిర్యాదుల్లో సగం దీనివల్లే అని పందెం కాస్తాను. ఫ్రేమ్ స్కిప్ కూడా అంతే, సున్నాలో ఉంచండి. మీరు మార్చినవన్నీ గుర్తులేకపోతే డిఫాల్ట్స్‌కి తిప్పేసి మొదలుపెట్టడం మేలు.

మూడో రకం, కొత్త దృశ్యం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగడం, వేడికి సంబంధించింది కాదు. ఆటలో కొత్త ఎఫెక్ట్ కనిపించినప్పుడు దానికి కావాల్సిన షేడర్‌ని (అది ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్) ఫోన్ గ్రాఫిక్స్ చిప్ అప్పుడు తయారుచేసుకుంటుంది, అందుకే ఆ ఆగడం. రెండోసారి అదే చోట ఆగదు, ఎందుకంటే దాచిపెట్టుకుంటుంది. నింటెండో గేమ్‌క్యూబ్, వీ ఆటల ఎమ్యులేటర్ డాల్ఫిన్‌లో ఇది పెద్ద తలనొప్పిగా ఉండేది, 2017లో ఉబర్‌షేడర్లు అని ఒక దారి కనిపెట్టి దాన్ని చాలావరకు తీర్చారు. ఫోన్‌లో దాని బరువు మోయడం అన్ని చిప్‌ల వల్లా కాదు. మీరు చేయగలిగింది ఒకటే, అలా దాచుకున్న కాష్‌ని ఊరికే క్లియర్ చేయకుండా ఉండటం. ఫోన్ క్లీనర్ యాప్‌లు పెట్టుకుని రోజూ కాష్ తుడిచేసేవాళ్లు రోజూ అదే కుదుపు మళ్లీ తెచ్చుకుంటున్నారు.

బ్లూటూత్ కంట్రోలర్‌తో ఆడుతున్నారా? అయితే ఇంకో తిరకాసు ఉంది. తెర మీద వేలు పడగానే ప్రాసెసర్ వేగం పెంచే ఏర్పాటు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది. కంట్రోలర్‌తో ఆడితే వేలు పడదు, ఆ ఊపూ రాదు. ఫోన్‌లో గేమ్ మోడ్ ఉంటే అందులో ఎమ్యులేటర్‌ని చేర్చండి, బ్యాటరీ సేవర్ ఆపండి.

ఒక కోపం కూడా వెళ్లగక్కనివ్వండి. ఆండ్రాయిడ్‌లో పీఎస్2 ఎమ్యులేటర్ ఏథర్‌ఎస్‌ఎక్స్2 తయారుచేసినాయన దాన్ని ఉచితంగా ఇచ్చాడు. మా ఆట పట్టేస్తోంది, ఇంకా ఎప్పుడు సరిచేస్తావు అంటూ జనం వెంటపడ్డారు, చంపుతామని బెదిరించినవాళ్లూ ఉన్నారు. 2023 జనవరిలో ఆయన పని ఆపేశాడు. ఇప్పుడు చాలామంది దాన్ని సవరించిన నెదర్‌ఎస్‌ఎక్స్2 వాడుతున్నారు. దిండు మీద ఫోన్ పెట్టుకుని, పౌచ్ తీయకుండా ఆడినవాళ్ల తిట్లు కూడా ఆయన తిని ఉంటాడని నాకు గట్టి నమ్మకం.

ఇంత చేశాక కూడా పట్టేస్తుంటే అప్పుడు గ్రాఫిక్స్ చిప్ వైపు చూడండి. స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో ఉండే అడ్రినో అయితే టర్నిప్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది, కొన్ని ఎమ్యులేటర్లు దాన్ని ఫోన్‌ని రూట్ చేయకుండానే, అంటే సిస్టమ్ తాళం తీయకుండానే, ఎక్కించుకోనిస్తాయి. మాలీ అనే ఇంకో రకం చిప్ అయితే ఆ దారి లేదు, ఆ వీడియోలు చూసి డేటా తగలేయకండి. కానీ అంతకంటే ముందు ఆట కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు, పావుగంట ఆడాక ఆ శాతం ఎంతకు పడుతోంది, ఈ రెండూ రాయండి. ర్యామ్ రాయక్కర్లేదు.