షట్టరు బరువెక్కితే స్ప్రింగులే మార్చాలా?

ప్రశ్న: మా కిరాణా కొట్టు షట్టరు 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. ఈ మధ్య ఇద్దరం పడితే గానీ లేవడం లేదు. గ్రీజు దండిగా పెట్టినా లాభం లేదు. స్ప్రింగులన్నీ మార్చాలంటున్నాడు మిస్త్రీ. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తొందరపడకండి. షట్టరును నడుం ఎత్తుకు లేపి, కాళ్లు షట్టరు కిందికి రాకుండా చూసుకుని, మెల్లగా చేయి వదలండి. జారిపోతే లోపం స్ప్రింగుల్లో ఉంది. నిలబడి, కదిలిస్తే మాత్రం బిగుతుగా ఉంటే గైడుల్లో, అంటే షట్టరు జారే పక్క గాడుల్లో ఉంది. ఒకే ఎత్తులో పట్టేస్తుంటే అక్కడ గైడు అంచు వంగి ఉండాలి, లేదా షట్టరు రేకు పట్టీల్లో ఒకటి పక్కకు జరిగి గైడును రాస్తుండాలి. రాసుకునే పట్టీ చివర రంగు పోయి ఇనుము మెరుస్తుంటుంది.

గైడులో గ్రీజు అసలు పెట్టకూడదు. రోడ్డు దుమ్ము చేరి బురదవుతుంది. కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, కొవ్వొత్తి రుద్దండి. గ్రీజు కావలసింది పైన బేరింగులకే. మీ షట్టరుకు అవి ఉన్నాయో లేదో చూడండి. చేత్తో లేపే షట్టర్లు బేరింగు లేకుండా 8 చదరపు మీటర్ల వరకే, బేరింగుతో 12 వరకు అన్నది భారతీయ ప్రమాణం ఐఎస్ 6248. మీది 8.4. బేరింగు లేని షట్టరు హద్దు దాటింది.

బరువు రాత్రికి రాత్రే పెరిగితే స్ప్రింగు ఒకటి తెగినట్టు. మెల్లగా పెరిగితే బిగువు సడలినట్టు, మార్చనక్కర్లేదు, బిగిస్తే చాలు. అడుగున తుప్పు పట్టిందని రేకు వెల్డింగ్ చేయించి ఉంటే, ఆ బరువుకు సరిపడా స్ప్రింగులు లేవన్నమాట. బిగించే పని మాత్రం మీరు చేయొద్దు. స్ప్రింగులున్న పైపును పట్టి ఉంచే బోల్టు వదులైతే స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుని పైపు రెంచిని గిరగిరా తిప్పుతుంది, చేతులు విరుగుతాయి. మిస్త్రీ అయినా షట్టరును పూర్తిగా పైకి చుట్టి, కట్టేశాకే బోల్టు ముట్టుకోవాలి. అతిగా బిగిస్తే షట్టరు ఎగిరి పైన ఢీకొంటుంది, తాళం వేయనిదే కింద నిలవదు.

ప్రశ్న: మా గోడౌను షట్టరు 14 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. తుపాను గాలికి మధ్యలో ఉబ్బి గైడులోంచి ఊడొచ్చింది. ఈసారి మందం రేకు వేయిస్తే చాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: చాలదు. ఊడింది అంచుల దగ్గర, రేకు చిరిగి కాదు. గాలి ఒత్తిడి లెక్కలకు వాడే ఐఎస్ 875 ప్రకారం విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు (హైదరాబాదుకు 44). ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి. మీ షట్టరు 15.6 చదరపు మీటర్లు, అంటే రెండు టన్నులకు పైమాటే. పట్టీ విల్లులా వంగితే దాని రెండు కొసలూ లోపలికి లాక్కుపోతాయి. గైడు లోతు తక్కువైతే జారి బయటపడతాయి.

స్కేలు పెట్టి కొలవండి. మూడున్నర మీటర్లు దాటిన వెడల్పుకు గైడు లోతు 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పట్టీ కొసలకు విండ్ లాకులు, అంటే గైడు లోపల తగులుకునే కొక్కేలు, పెట్టించండి. అప్పుడు లాగుడంతా గైడు మీద పడుతుంది కాబట్టి గైడును కాంక్రీటులోకి యాంకర్ బోల్టులతో బిగించాలి. ఇటుక గోడ ప్లాస్టరులో మేకులు కొట్టి వదిలేసే పనివాళ్లున్నారు, దగ్గరుండి చూసుకోండి. తుపాను హెచ్చరిక రాగానే మధ్యలో నిలబెట్టుకునే విడి స్తంభం ఇంకా మంచిది. నేలలో గుంట, పైన లింటెలుకు పట్టు ఉంటే చాలు. సముద్రగాలికి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీలే వాడండి. ఇంత సైజును చేత్తో లేపకూడదు, చైను గేరు తప్పనిసరి.

ప్రశ్న: మోటారు షట్టరున్న గోడౌనులో రాత్రి ఇద్దరు పడుకుంటారు. కరెంటు పోతే?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మోటారు పక్కన వేలాడే చైనుతో లేపవచ్చు, అది లోపలివైపే ఉండాలి. కానీ మంటలు లేస్తే, పొగలో ఆ చైను వెతికి లాగే తీరిక ఉండదు. పైకి చుట్టుకునే తలుపును అత్యవసర ద్వారంగా జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా ఒప్పుకోదు. బయటికి తెరుచుకునే మామూలు తలుపు ఒకటి వేరే గోడకు పెట్టించండి. రాత్రి దానికి బయటినుంచి తాళం వేయకండి, ముందు బస్తాలు పేర్చకండి.