సోడియం తగ్గితే గ్లూకోజు ఎందుకు పెట్టారు?

ప్రశ్న: మా అత్తయ్యకు 68 ఏళ్లు. బీపీ మాత్ర వేసుకుంటారు. మూడు రోజులు విరేచనాలై, ఉప్పు లేని జావ, మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. నాలుగో రోజు పొద్దున నన్ను వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచారు, జాకెట్టు తిరగేసి తొడుక్కున్నారు. పక్షవాతమేమోనని ఆసుపత్రికి పరిగెత్తాం. స్కానింగులో ఏమీ లేదు, సోడియం 109కి పడిపోయిందన్నారు. సెలైన్ పెట్టారు. మర్నాడు సోడియం పెరుగుతుండగా అది తీసేసి గ్లూకోజు ఎక్కించారు! ఆరు రోజులు ఉంచారు. ‘ఉప్పు తగ్గితే గ్లూకోజేమిటి, బిల్లు కోసం కాకపోతే’ అని మా ఆడపడుచు గొడవ. ఇప్పుడేమో రోజూ ఆవకాయ పెట్టమంటోంది. పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఆ గ్లూకోజు సీసా దగ్గరే ఆ డాక్టరుగారు మీ అత్తగారిని కాపాడారనిపిస్తోంది.

రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. అది పడిపోతే నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మగత, చివరికి ఫిట్స్ అందుకే. అయితే ఒకటి రెండు రోజుల్లో మెదడు తనలోని లవణాల్ని కొంత బయటికి పంపేసి సర్దుకుంటుంది. అలా సర్దుకున్న మెదడు చుట్టూ సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే మెదడు కాండంలో నరాల పైపొర దెబ్బతింటుంది. అందుకే 24 గంటల్లో ఉన్నదాని మీద 8 పాయింట్లకి, మహా అయితే 10కి మించి పెరగనివ్వం. ఫిట్స్ వస్తుంటే మాత్రం ఆగం, 3 శాతం సెలైన్ (మామూలు సెలైన్ కంటే ఉప్పు బాగా ఎక్కువుండేది) నిమిషాల్లో ఇస్తాం. అప్పుడు కూడా మొదట 4 నుంచి 6 పెరిగితే చాలు.

నేను పీజీ చదివే రోజుల్లో ఒకావిడకు రాత్రికి రాత్రే 108 నుంచి 128కి ఎక్కింది. పొద్దున్నే లేచి కూర్చుని కాఫీ అడిగితే మేమంతా మురిసిపోయాం. నాలుగో రోజుకి మాట ముద్దయింది, గుటక పడలేదు. ఆ కాఫీ గ్లాసు నాకిప్పటికీ గుర్తే.

ఇక గ్లూకోజు సంగతి. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు ఉన్న నీటిని పట్టి ఉంచుతాయి. సెలైన్‌తో లోటు తీరగానే ఆ పట్టు వదిలేస్తాయి. మూత్రం సంచిలో అప్పటిదాకా టీ రంగులో చుక్క చుక్కగా పడింది కాస్తా, నీళ్లలా తెల్లగా గంటకు 100 మిల్లీలీటర్లు దాటి దిగుతుంది. ఒట్టి నీరు పోతున్న కొద్దీ సోడియం మన చేయి దాటి పైకి పోతుంది. దాన్ని ఆపడానికే 5 శాతం గ్లూకోజు. అందులో చక్కెర ఒంట్లో ఖర్చయిపోతుంది, మిగిలేది నీరే. ప్రతి నాలుగైదు గంటలకూ రక్తం తీసి ఉంటారు, దాని మీద కూడా మీ ఆడపడుచు ఏదో అనే ఉంటుంది!

ఆవకాయ గురించి. రోజూ పెడితే బీపీ పెరుగుతుంది తప్ప అసలు కారణం పోదు. నా అనుమానం ఆ బీపీ మాత్ర మీద. అట్ట తిప్పి చూడండి. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ – ఈ మూడింట్లో ఏది ఉన్నా సోడియాన్ని పడగొట్టగలదు, సన్నగా ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లలో మరీను. చాలాసార్లు మాత్ర పేరు చివర ‘హెచ్’ అనే అక్షరం తగిలించి ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో మాత్ర మార్చారో లేదో చూసుకోండి. మార్చకపోతే మీరే ఆపేయకుండా అట్ట పట్టుకుని ఈ వారమే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, సోడియం మళ్లీ చేయించండి. కొత్త డాక్టరెవరైనా పాత చీటీ చూసి అదే మాత్ర రాసేయకుండా, దాని పేరు ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాయండి.

మళ్లీ విరేచనాలైతే ఉత్త నీళ్లు కాదు, ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమంటే అన్నిట్లోనే, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకో చిటికెడు చొప్పున వారం రోజులు పొదుపు చేసినవాళ్లను కూడా చూశాను.