సైకిల్ హెల్మెట్: బుర్ర కొలిచాకే బేరం

ప్రశ్న: గురువుగారూ, రోజూ పొద్దున్నే ఐదింటికి రావులపాలెంలో బయల్దేరి ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక దాకా కాలవగట్టు రోడ్డులో సైకిల్ తొక్కుతామండి, ఆదివారమైతే బ్యారేజీ దాటి ధవళేశ్వరం వరకూ వెళ్తాం. రోడ్డు సైకిల్ కొని ఆరు నెలలైంది, హెల్మెట్ ఇంకా కొనలేదు. పన్నెండు వందలదీ, మూడున్నర వేలదీ, తొమ్మిది వేలదీ చూసిపెట్టుకున్నాను. మా జట్టులో ఒకడు తొమ్మిది వేలదే కొనమని బుర్ర తింటున్నాడు. డబ్బు ఎక్కువ పెడితే రక్షణ ఎక్కువా?
— రావులపాలెం పాఠకుడు

జవాబు: ఆయన బుర్రకి అది సరిపోయి ఉంటుంది, మీ బుర్రకి సరిపోతుందని ఎవరు చెప్పారండీ? ముందు ఇంట్లో కుట్టుమిషన్ టేపు తీసి, కనుబొమలకి ఓ రెండు వేళ్లు పైన తల చుట్టూ కొలవండి. ఆ సెంటీమీటర్ల లెక్క పట్టుకునే షాపుకి వెళ్లండి, ఎందుకంటే ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియం ఒకటి కాదు.

కొలత ఒక్కటే చాలదు. ఒకరి తల కొబ్బరికాయలా గుండ్రం, ఇంకొకరిది బొప్పాయిలా ముందూ వెనకా పొడవు. గుండ్రటి తలకి పొడుగు హెల్మెట్ పెడితే కణతల దగ్గర నొక్కేస్తుంది, పొడుగు తలకి గుండ్రటిది పెడితే నుదురు నొక్కుకుని పక్కల ఖాళీ ఉంటుంది. నేనొకసారి సగం ధరకి వస్తోంది కదా అని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, భీమవరంలో పెట్టుకుని బయల్దేరితే వీరవాసరం దాటేసరికి నుదుటి మీద పట్టీ వేసినట్టు ఎర్రటి గీత, తల పగిలిపోతున్నంత పోటు, తీసి హ్యాండిల్‌కి తగిలించుకుని వట్టి తలతో నరసాపురం చేరాను. తల మీద లేని హెల్మెట్ ఎంత ఖరీదైనదైతే ఏం లాభం!

అందుకే షాపులో మొహమాటపడకుండా ఓ పావుగంట పెట్టుకునే ఉండండి. బెల్టు పెట్టకుండా హెల్మెట్ వెనక ఉండే బిగింపు చక్రం మాత్రం తిప్పి బిగించి, తల వంచి అటూ ఇటూ ఊపండి, కదలకూడదు. తర్వాత బెల్టు పెట్టి, పూతరేకు మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకునేవాడిలా నోరు బార్లా తెరవండి, హెల్మెట్ కిందికి లాగినట్టు తెలియాలి. పక్క పట్టీలు చెవి తమ్మె కింద కలవాలి. ముందు అంచు కనుబొమలకి రెండు వేళ్ల పైనే ఉండాలి, మనవాళ్లు చాలామంది నడినెత్తికి జరిపి పెడతారు, దానికన్నా టోపీ నయం.

ఇక డబ్బు సంగతి. లోపల ఉండేది దేంట్లోనైనా థర్మాకోల్ జాతి గట్టి ఫోమే, దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ జోరు తాను తీసుకుంటుంది. ఈఎన్ 1078 అనే యూరప్ ప్రమాణంలో దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి చదును ఇనుము మీద పడేసి పరీక్షిస్తారు, పన్నెండు వందలదైనా తొమ్మిది వేలదైనా గట్టెక్కాల్సింది అదే పరీక్ష. లోపల ఆ ముద్రో, అమెరికా వాళ్ల సీపీఎస్‌సీ ముద్రో లేకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దు. అమెరికాలో వర్జీనియా టెక్ అనే యూనివర్సిటీ వాళ్లు 2018 నుంచి సైకిల్ హెల్మెట్లని పరీక్షించి చుక్కలు, అంటే స్టార్ రేటింగులు, ఇస్తున్నారు, అందులో తక్కువ ధరవి కూడా ఐదు చుక్కలు తెచ్చుకున్నాయి.

ఎక్కువ డబ్బు పోయేది తేలిక బరువుకీ, గాలి కంతలకీ, మెత్తటి పట్టీలకీ. మిప్స్ అని లోపల పల్చటి పొర ఉంటుంది, ఏటవాలుగా పడ్డప్పుడు హెల్మెట్ తల మీద 10, 15 మిల్లీమీటర్లు జారి మెదడుకి తిప్పుడు తగ్గిస్తుంది. మనం పడేది ఎక్కువగా ఏటవాలుగానే కాబట్టి మీ మూడున్నర వేలదాంట్లో అది ఉంటే, తలకీ కుదిరితే, నా ఓటు దానికే. తొమ్మిది వేలది గాలిని చీల్చుకుపోయే నున్నటి రకమైతే మాత్రం వద్దు. మన ఉక్కలో ఏడింటికల్లా చెమట కళ్లలోకి కారుతుంది, కంతలు లేని హెల్మెట్ ఇడ్లీ పాత్రే. ముందు కంతలకి సన్నటి వల ఉందో లేదో కూడా చూడండి, చేల మధ్య పురుగులు ఊరికే ఉండవు. మెత్తలు వారానికోసారి సబ్బునీళ్లలో ఉతికి నీడన ఆరేయండి.

ప్రశ్న: బండి హెల్మెట్ ఉండగా ఇంకోటి దండగ అంటున్నారు మా నాన్నగారు. నిజమేనా?
— అమలాపురం పాఠకురాలు

జవాబు: దెబ్బ ఆపడంలో బండి హెల్మెట్‌కి వంక పెట్టలేం. కానీ అది కిలో పైచిలుకు, సైకిల్‌ది పావు కిలో. ముందుకి వంగి తొక్కేటప్పుడు ఆ కిలో మొత్తం మెడ మీదే. చెవులు మూసుకుపోయి వెనకొచ్చే చేపల లారీ హారన్ సరిగా వినబడదు. నాన్నగారిని ఒక్క ఆదివారం దాన్ని పెట్టుకుని ముక్తేశ్వరం దాకా తొక్కి రమ్మనండి.

ప్రశ్న: దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంలో చక్రం జారి పడ్డాను. తల నేలకి కొట్టుకుంది, హెల్మెట్‌కి చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. వాడుకోవచ్చా?
— పాలకొల్లు పాఠకుడు

జవాబు: వద్దు. ఒకసారి నలిగిన ఫోమ్ మళ్లీ లేవదు, పైన పెంకు బాగానే కనిపిస్తుంది, లోపల చీలిక ఉన్నా బయటికి తెలియదు. తల బరువుగా ఉన్నా, వాంతి వచ్చినట్టున్నా వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి. ఆ హెల్మెట్‌ని పారేసే ముందు పట్టీలు కత్తిరించెయ్యండి, లేకపోతే ఏ పిల్లాడో ఏరుకుని పెట్టుకుంటాడు.