ఆ కవరు మీది స్టాంపు ఊడదీయొద్దు

ప్రశ్న: 1868 నాటి అబిసీనియా దండయాత్ర కవరు అంటూ ఒకటి నాకు అమ్మకానికి వచ్చింది. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపు, దాని మీద గీతల మధ్య ఎఫ్.ఎఫ్. అని ముద్ర. ఆఫ్రికా నుంచి వచ్చిన ఉత్తరం మీద ఇండియా స్టాంపేమిటి? అసలుదేనా? కొన్నాక స్టాంపు నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకి ముందు చెప్తాను. వద్దండీ, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. ఆ కాలపు ఇండియా స్టాంపులు విడిగా చాలానే దొరుకుతాయి, కానీ అది ఎక్కడ బయల్దేరి ఏ దారిన ఎన్నాళ్ళకి చేరిందో చెప్పేది కవరే, స్టాంపు ఊడదీస్తే ఆ కథంతా పోతుంది.

ఇండియా స్టాంపు చూసి అనుమానపడక్కర్లేదు, అక్కడ ఉండాల్సింది అదే. అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) చక్రవర్తి తెవోద్రోస్ బందీలుగా పట్టుకున్న యూరోపియన్లని విడిపించడానికి బ్రిటిష్ సేనాని నేపియర్ నడిపించిన సైన్యంలో ఎక్కువమంది బొంబాయి సైన్యం వాళ్ళే, సామాన్లు మోయడానికి ఏనుగుల్ని కూడా ఇక్కణ్ణుంచే ఓడల్లో తీసుకెళ్ళారు, అలాగే తపాలా కూడా ఇండియా తపాలా శాఖే చూసుకుంది. ఇథియోపియాకి సొంత స్టాంపులు రావడానికి ఇంకా పాతికేళ్ళ పైమాటే. ఎఫ్.ఎఫ్. అంటే ఫీల్డ్ ఫోర్స్, దండయాత్రకి వెళ్ళిన సైన్యం అన్నమాట.

ఇక అసలుదా కాదా అన్నది. కవరు తిప్పి వెనక చూడండి. ఎర్రసముద్రం ఒడ్డున జూలా తీరంలో మొదటి దళం దిగింది 1867 అక్టోబర్‌లో, తెవోద్రోస్ కోట మగ్దాలా పడింది 1868 ఏప్రిల్ 13న, జూన్‌కల్లా సైన్యం తిరుగుముఖం పట్టింది. అంటే ఉన్నదల్లా ఎనిమిది నెలలే! సూయజ్, ఏడెన్, బొంబాయి, లండన్, ఏ ఊరి ముద్ర ఉన్నా దాని తేదీ ఈ లెక్కకి అందాలి, చిరునామా ఉన్న ఊరికి ఆ దారి కలవాలి. ఒక్క తేదీ కూడా లేకుండా ఎఫ్.ఎఫ్. ముద్ర మాత్రమే ఉంటే నాకు టెన్షనే, ఎందుకంటే మామూలు పాత కవరు మీద ఆ ముద్ర తర్వాత కొట్టడం పెద్ద కష్టం కాదు.

తర్వాత భూతద్దం పట్టుకుని స్టాంపు అంచు దగ్గర చూడండి. ముద్ర సిరా స్టాంపు మీంచి కవరు కాగితం మీదకి తెగకుండా సాగాలి. అంచు దగ్గర గీత టక్కున ఆగిపోయిందంటే ఆ స్టాంపు వేరేచోట నుంచి తెచ్చి అతికించింది అయ్యుండొచ్చు.

ఇవన్నీ సరిపోయినా, నిపుణుల సర్టిఫికెట్ వచ్చాకే కొంటానని చెప్పండి. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే నేనైతే కొనను.