జెల్‌లో బ్యాండ్ ఉంది, బైండింగ్ మాత్రం లేదు

రీకాంబినెంట్ (ల్యాబ్‌లో తయారుచేసిన) హ్యూమన్ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రోటీన్ కొన్నాం, జెల్‌లో 66 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ శుభ్రంగా వచ్చింది, అయినా ఎస్ట్రాడియోల్ హార్మోన్‌ను పట్టుకోవట్లేదు, కంపెనీ మోసం చేసినట్టేనా అని అడిగారు. కంపెనీని తిట్టేముందు మీ ఫ్రీజర్ సంగతి చూసుకోండి. పీహెచ్‌డీ రెండో ఏట నేనూ ఇదే మాటన్నాను, వారం తిరక్కుండానే నాలుక్కరుచుకున్నాను.

ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసే ఎస్‌డీఎస్ జెల్‌కి వేసేముందు ప్రోటీన్‌ని ఉడకబెడతాం కదా, మడతలన్నీ అక్కడే విప్పుకుపోతాయి. చచ్చిన రిసెప్టరైనా ఆ 66 కిలోడాల్టన్ల దగ్గరే కనిపిస్తుంది. హార్మోన్ కూర్చునేది మడతల మధ్య ఉండే గూట్లో. ఆ గూడు చెదిరిందా, 595 అమైనో ఆమ్లాలూ వరసగా ఉన్నా ప్రయోజనం లేదు.

నేను చేసిన తప్పు చెప్తాను. ప్రయోగం ఉన్న ప్రతిరోజూ అదే వయల్‌ని మైనస్ 80 నుంచి తీసి, ఐస్ మీద కరిగించి, రెండు మైక్రోలీటర్లు లాగి మళ్లీ లోపల పెట్టేదాన్ని. మొదటిసారి ఫ్లోరెసెన్స్ పోలరైజేషన్ (ట్రేసర్, అంటే హార్మోన్ గూట్లో కూర్చునే మెరిసే అణువు, రిసెప్టర్‌కి అతుక్కుంటే పెరిగే కొలత) చక్కగా పెరిగింది. నాలుగోసారికి గ్రాఫ్ బల్లపరుపు. పైగా మూతకి ఓ చుక్క అంటుకుందని వోర్టెక్స్ (ట్యూబుని గిరగిరా కుదిపే యంత్రం) మీద పెట్టాను. సన్నగా నురగ లేచింది. ప్రోటీన్‌కి నురగ మంచిది కాదని మా సీనియర్ అక్క చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ సాయంత్రం జెల్ వేస్తే బ్యాండ్ కొత్తదానిలా నిగనిగలాడుతోంది!

రెండో వయల్ రాగానే కొన్ని సెకన్లు స్పిన్ చేసి, ఐస్ మీదే ఐదేసి మైక్రోలీటర్లు లో-బైండ్ ట్యూబుల్లోకి పంచి, లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80లో పెట్టాను. ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజర్ ముఖం చూడలేదు. బఫర్‌లో 10 శాతం గ్లిజరాల్, ఆ రోజే కలిపిన డీటీటీ (ప్రోటీన్ ఆక్సీకరణ చెందకుండా కాపాడే రసాయనం). నానోమోలార్‌కి పలచన చేస్తే ప్రోటీన్ ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది కాబట్టి తోడుగా ఇంకో ప్రోటీన్ ఉండాలి. మామూలుగా వేసే బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) ఎస్ట్రాడియోల్ లాంటి స్టెరాయిడ్లను తనూ కొంచెం పట్టుకుంటుంది, అందుకే నేను బొవైన్ గామా గ్లోబ్యులిన్ వేశాను.

మీ లేబుల్ కూడా ఒకసారి చదవండి. లైగాండ్ బైండింగ్ డొమైన్ (హార్మోన్‌ని పట్టుకునే భాగం) ఒక్కటే అయితే బ్యాండ్ 30 చుట్టుపక్కల రావాలి. మీకు 66 వచ్చిందంటే పూర్తి రిసెప్టరే అయ్యుంటుంది. దాని డీఎన్‌ఏ బైండింగ్ భాగంలో రెండు జింక్ ఫింగర్లుంటాయి. డీఎన్‌ఏతో కూడా ప్రయోగం చేసే ఆలోచన ఉంటే, అలవాటు కొద్దీ జింక్‌ని లాగేసే ఈడీటీఏ పోసేయకండి.

లెక్క కూడా సరిచూసుకోండి. ఒక మైక్రోగ్రాము అంటే సుమారు 15 పికోమోల్. ప్లేటులోని వంద మైక్రోలీటర్ల వెల్ (గుంట)లో 10 నానోమోలార్ కావాలంటే ఒక పికోమోల్ పడుతుంది, అంటే మైక్రోగ్రాముకి పదిహేను వెల్స్. అదీ మొత్తం ప్రోటీన్ బతికే ఉందనుకుంటే! అందుకే నేను ట్రేసర్ మోతాదు కదపకుండా రిసెప్టర్‌ని పెంచుకుంటూ పోయి, పోలరైజేషన్ ఎక్కడ నిలకడ పడుతుందో చూశాకే అసలు ప్రయోగానికి దిగుతాను. కొత్త ఆలిక్వాట్ (విడిగా పంచిపెట్టుకున్న చిన్న ట్యూబు)తో ఇది చేశాక కూడా గీత లేవకపోతే, అప్పుడు ఆ గ్రాఫ్ జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి.