ఆకులూ వేర్లే కదా అని... షుగర్ బిళ్ళలతో పాటు మూలికల పొడి, అశ్వగంధ క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. మా అమ్మకి 57 ఏళ్ళు. ఎనిమిదేళ్ళ నుంచి షుగర్. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 2 ఉదయం వేసుకుంటుంది. థైరాయిడ్‌కి థైరాక్సిన్ 50 కూడా ఉంది. రెండు నెలల కిందట సంతలో ఒకాయన దగ్గర షుగర్ పొడి కొంది. పొడపత్రి, కాకర, నేరేడు గింజలు అని చెప్పాడట. మోకాళ్ళ నొప్పులకి మా తమ్ముడు ఆన్‌లైన్‌లో క్యాప్సూల్స్ తెప్పించాడు, సీసా మీద అశ్వగంధ సారం, కర్క్యుమిన్ 500 మి.గ్రా., మిరియాల సారం అని ఉంది. పది రోజులుగా తెల్లవారుజామున చెమటలు పట్టి వణుకుతోంది, ఏదైనా తింటే తగ్గుతోంది. నాలుగు రోజులుగా మూత్రం బాగా పచ్చగా వస్తోంది, ఒళ్ళంతా దురద, అన్నం సయించట్లేదు. ఆకులూ వేర్లే కదా, ఒంట్లో వేడి చేసి ఉంటుంది అంటున్నారు పక్కింటివాళ్ళు. డోసు తగ్గించి వాడమంటారా?

జవాబు: డోసు తగ్గించడం గురించి ఆలోచించకండమ్మా, ఆ పొడి, ఆ క్యాప్సూల్స్ రెండూ ఈ పూట నుంచే ఆపేయండి. పారేయకండి, సీసా, పొడి ఉన్న కవరు జాగ్రత్తగా పెట్టి రేపు అమ్మతో పాటు ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు కనబడుతున్నాయి, రెండూ వేడి అని వదిలేసేవి కావు.

మొదటిది ఆ తెల్లవారుజాము వణుకు. అది షుగర్ పడిపోవడం. పొడపత్రి, కాకర నిజంగానే షుగర్‌ని కొంత తగ్గిస్తాయి. తగ్గిస్తాయి కాబట్టే భయం, ఎందుకంటే అమ్మ వేసుకునే గ్లిమిపిరైడ్ కూడా అదే పని చేస్తుంది, రెండూ కలిసి లాగితే షుగర్ 70 కిందకి జారిపోతుంది. దీనికంటే పెద్ద అనుమానం ఇంకోటుంది. లేబుల్ లేని షుగర్ పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే పాత షుగర్ బిళ్ళని నూరి కలిపి అమ్మడం పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. పొడి వేసిన వారానికే షుగర్ దిగిందని జనం సంబరపడేది అందుకే. కీళ్ళనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు, బరువు తగ్గించే వాటిలో మన దేశంలో 2011లో నిషేధించిన సిబుట్రమిన్ కూడా ఇలాగే దొరికాయి.

కొన్నేళ్ళ కిందట గుణుపురం వైపు నుంచి ఒక పెద్దాయన్ని తెల్లారే వేళకి స్పృహ లేకుండా తీసుకొచ్చారు. పక్షవాతం అనుకుని ఏడుస్తున్నారు ఇంట్లోవాళ్ళు. వేలి మీద చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ 38. గ్లూకోజు ఎక్కించిన పది నిమిషాలకి కళ్ళు తెరిచాడు, మధ్యాహ్నానికి మళ్ళీ పడిపోయింది, రెండు రోజులు సెలైన్ మీదే ఉంచాల్సి వచ్చింది. ఆయన పంచె మొలలో చిన్న పాలిథిన్ ముడి, అందులో బూడిదరంగు పొడి, కొలతకి ఐస్‌క్రీమ్ కప్పులో వచ్చే చెక్క పుల్ల. ఏ మందులు వాడుతున్నాడని మేం అడిగినప్పుడు కొడుకు ఆ పొడి సంగతి చెప్పనే లేదు, దాన్ని మందు అనుకోలేదు మరి.

అందుకని ఇంట్లో గ్లూకోమీటర్ లేకపోతే ఈ రోజే కొనండి. వణుకు వచ్చినప్పుడు 70 లోపు ఉంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడండి, పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి, పెరిగాక రొట్టో అన్నమో కాస్త తినిపించండి. ఉదయం 70 లోపు వచ్చినా, అన్నం సయించక తినలేకపోయినా, ఆ పూట గ్లిమిపిరైడ్ వేయకుండా వెంటనే మీ డాక్టరుకి ఫోన్ చేయండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. పొడి ఆపాక షుగర్ పెరగొచ్చు కూడా, దానికి కంగారు పడి మళ్ళీ పొడి మొదలుపెట్టకండి, బిళ్ళల డోసు డాక్టరు చూసి సరిచేస్తారు.

రెండోది కాలేయం. పచ్చటి మూత్రం, దురద, అన్నం సయించకపోవడం ఈ మూడూ కలిస్తే నేను ముందు చూసేది లివర్‌నే. కర్క్యుమిన్ అంటే పసుపులో ఉండేదే, పసుపు తింటే లివర్ పాడవుతుందా అని మీకు అనిపించొచ్చు, నిజమే, తరతరాలుగా కూరల్లో వేసుకుంటున్నాం, దానితో భయం లేదు. కానీ లెక్క చూడండి. వంటింటి పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు ఉంటుంది, అంటే ఒక్క 500 మి.గ్రా. క్యాప్సూల్‌కి సుమారు ఐదు టీ చెంచాల పసుపు కావాలి. పైగా మామూలుగా కర్క్యుమిన్ రక్తంలోకి చాలా తక్కువ ఎక్కుతుంది. మిరియాల సారం కలిపితే రక్తంలో 20 రెట్లు ఎక్కువ కనిపించిందని 1998లోనే బెంగళూరు పరిశోధకులు చూపించారు. కంపెనీలు దాన్ని గొప్పగా రాసుకుంటున్నాయి గానీ అంత మోతాదుని రోజూ మోయాల్సింది లివరే. ఇలాంటి సప్లిమెంట్లు వాడినవాళ్ళలో హెపటైటిస్ కేసులు వచ్చి 2019లో ఇటలీ ప్రభుత్వం హెచ్చరికలు ఇచ్చింది.

అశ్వగంధతో కూడా, చాలామందికి ఏమీ కాకపోయినా, కొందరిలో రెండు నుంచి పన్నెండు వారాల మధ్య ఇలాగే దురదతో, కామెర్లతో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. అది థైరాయిడ్ హార్మోన్‌ని కూడా పెంచగలదు, థైరాక్సిన్ వేసుకునే మనిషికి అది తోడైతే గుండె దడ, వణుకు వస్తాయి. అమ్మ వణుకులో దీని వాటా ఎంతో థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూస్తే గానీ తెలియదు. డెన్మార్క్ 2023లో అశ్వగంధని నిషేధించింది. మన ఆయుర్వేద వైద్యులు దాన్ని ఒప్పుకోరు, ఆ వాదన ఎలా ఉన్నా, మనిషిని చూడకుండా, ఏ బిళ్ళలు వాడుతున్నారో అడగకుండా ఆన్‌లైన్‌లో అమ్మే సీసాని మంచి ఆయుర్వేద వైద్యుడు కూడా సమర్థించడు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కళ్ళు పచ్చబడ్డాయని తెలియగానే మన వైపు చుట్టాలు పసరు మందు దగ్గరికి పరుగెత్తమంటారు, ముక్కులో చుక్కలంటారు, చేతికి వాత పెట్టించమంటారు. దెబ్బతిన్న లివర్ మీద ఇంకో తెలియని ఆకు పోయకండి. వాత వల్ల పుండు తప్ప ఒరిగేది లేదు, షుగర్ ఉన్న మనిషికి ఆ పుండు మానడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

రేపే లివర్ కోసం బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, పీటీ ఐఎన్‌ఆర్, కిడ్నీ కోసం క్రియాటినిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చేయించండి. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ పరీక్షలు, కడుపు స్కానింగ్ కూడా అవసరం, ఎందుకంటే నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు, పిత్తాశయంలో రాళ్ళు కూడా ఇలాగే ఉంటాయి, నేరమంతా మూలికల మీద వేసి అవి వదిలేస్తే అదీ ప్రమాదమే. రిపోర్టులు వచ్చేదాకా నొప్పుల బిళ్ళలు, పారాసిటమాల్ సహా, సొంతంగా వేయొద్దు. మగతగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, ఎక్కడైనా రక్తం కారినా అక్కడే కూర్చోకుండా బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకో శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికో, ఏది తొందరగా చేరగలిగితే దానికి, బయల్దేరండి. క్యాప్సూల్స్ వల్లే అయితే ఆపాక ఎక్కువమందిలో కొన్ని వారాల నుంచి నెలల్లో లివర్ కోలుకుంటుంది. మళ్ళీ అదే సీసా మొదలుపెడితే మాత్రం రెండోసారి దెబ్బ మరీ గట్టిగా తగలొచ్చు.

క్రియాటినిన్ ఎందుకంటే, ఉద్దానం మనకి పక్కనే, కిడ్నీ జబ్బు ఎలా ఉంటుందో చూస్తున్న ప్రాంతం మనది. కొన్ని మూలికల మందుల్లో కిడ్నీని దెబ్బతీసే సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉంటాయి. 2004లో అమెరికాలో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14లో ఇవి బయటపడ్డాయి. బీపీ ఉన్నవాళ్ళు దగ్గుకి అతిమధురం రోజుల తరబడి వాడినా పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది, ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నా.

తమ్ముణ్ణి కోప్పడకండి, అమ్మ నొప్పి చూడలేక తెప్పించాడు. ఈసారి ఏదైనా కొనేముందు లేబుల్ మీద ఆయుష్ తయారీ లైసెన్స్ నంబరు గానీ ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు గానీ ఉందా, ఏ దినుసు ఎన్ని మిల్లీగ్రాములో రాశారా అని చూడమనండి. లేబుల్ ఏ హిందీలోనో ఒడియాలోనో ఉండి చదవడం రాకపోతే ఫొటో తీసి డాక్టరుకి చూపించమనండి. షుగర్ పూర్తిగా నయం చేస్తామని ప్రకటన వేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం, ఆ మాట కనబడితే ఆ సరుకు ముట్టుకోకండి. మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది, అమ్మ కుదుటపడ్డాక చేసి చెప్పండి.

మోకాళ్ళ నొప్పుల గురించి విడిగా రాయండి, దానికి తొడ కండరాల వ్యాయామాలతో చాలా మేలు జరుగుతుంది, లివర్ సంగతి తేలాక నేర్పిస్తాను. ప్రస్తుతానికి రిపోర్టుల్లో వచ్చిన అంకెలు, సీసా రెండు వైపులా ఫొటోలు, వారం రోజుల ఉదయం షుగర్ రీడింగులు పంపండి.