బైపీసీతో బయోమెటీరియల్స్ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ వద్దు, శరీరంలో అమర్చే పదార్థాలు తయారుచేసే బయోమెటీరియల్స్ చదువుతానంటోంది. లెక్కలు లేకుండా కుదురుతుందా? ఉద్యోగాలుంటాయా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కుదురుతుందమ్మా. తెలంగాణ ఎప్‌సెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో బీఫార్మసీ, ఫార్మ్‌డీతో పాటు బయోమెడికల్, బయోటెక్నాలజీ బీటెక్ సీట్లూ ఉంటాయి. చేరాక లెక్కలు నేర్చుకోక తప్పదు.

పేరు చూసి మాత్రం తొందరపడొద్దు. బయోమెడికల్ బీటెక్‌లో ఎక్కువగా ఉండేది ఈసీజీ, స్కానింగ్ లాంటి యంత్రాల ఎలక్ట్రానిక్స్. మెటీరియల్స్‌కు దక్కేది ఒకటో రెండో సబ్జెక్టులు. అమ్మాయి కోరుకున్నది పీజీలోనే దొరుకుతుంది.

ఇంతకీ ఆ పనేమిటో తనకు తెలుసా? ఎముక బిరుసుదనం సుమారు 15-20 గిగాపాస్కల్స్ (బిరుసుదనాన్ని కొలిచే ప్రమాణం), స్టీలుది దాదాపు 200. తుంటి మార్పిడిలో తొడ ఎముకలోకి అంత బిరుసైన లోహపు కాడ దించితే బరువంతా అదే మోస్తుంది, పనిలేని ఎముక పలచబడిపోతుంది. టైటానియం మిశ్రమానిది 110 దాకా ఉంటుంది కాబట్టి కాస్త నయం. గుండె కవాటం సంగతి వేరు. అది ఏడాదికి మూడున్నర కోట్ల సార్లకు పైగా తెరుచుకుని మూసుకోవాలి, రక్తం గడ్డకట్టనివ్వకూడదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థ చేసిన మొదటి నమూనాలు విఫలమయ్యాయి. చివరికి ఒక ప్రత్యేకమైన పాలిథిలీన్ బిళ్లతో చేసిన కవాటాన్ని 1990లో రోగికి అమర్చారు. కంటి ముందుండే పొర కార్నియాకైతే బలం ఒక్కటే చాలదు, పారదర్శకంగా ఉండాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ పరిశోధన సంస్థ కలిసి 3డీ ప్రింటింగ్‌తో చేసిన కార్నియాను 2022లో కుందేలు కంటికి అమర్చారు. షుగర్ పుండు విషయంలోనూ అంతే: చెమ్మ కారుతుంటే సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ డ్రెస్సింగ్, ఎండిపోయి ఉంటే నీటిని పట్టి ఉంచే హైడ్రోజెల్. ఇందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎంత ఉన్నాయో చూశారుగా! బయాలజీ ఇష్టమన్న ఒక్క కారణంతో వస్తే మాత్రం కష్టపడుతుంది.

బీటెక్ తర్వాత గేట్‌లో బయోమెడికల్ పేపర్ రాసి ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట ఎంటెక్ చేయాలి. పరిశోధనే చేస్తానంటే పీహెచ్‌డీ కూడా. అంటే ఆరేళ్లకు తక్కువ కాదు. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కు, విశాఖ మెడ్‌టెక్ జోన్ లాంటివి వచ్చాయి గానీ, కొత్తవాళ్లకు ముందు దొరికేవి క్వాలిటీ (నాణ్యత తనిఖీ), రెగ్యులేటరీ (ప్రభుత్వ అనుమతుల పని) ఉద్యోగాలే. కొత్త పదార్థం డిజైన్ చేసే కొలువులు మన దగ్గర ఇంకా తక్కువ.

నాలుగేళ్లకే జీతం రావాల్సిన పరిస్థితి ఇంట్లో ఉంటే ఆ మాట తనతో ఇప్పుడే చెప్పండి. అప్పుడు నేనైతే బీఫార్మసీ వైపే మొగ్గుతాను.